నూనె తాగిన కీబోర్డు

"తమ్ముడికాండీ?" అన్నాడు అయ్యప్ప.

అడిగింది అంతే. బందరు కోనేరు సెంటర్లో శోభనాద్రి గారి కంప్యూటర్ షాపులో బల్ల వెనక నిలబడి, మర్యాదగానే అడిగాడు. బయట వాన దంచుతోంది. వచ్చిన అమ్మాయి గొడుగు ముడిచి, అందులో నీళ్ళన్నీ అతని కాళ్ళ మీద దులిపింది.

"నాకు తమ్ముడు లేడు. అన్నయ్యా లేడు. వేళ్ళున్నాయి. గేమింగ్ కీబోర్డు కావాలి. నాకే."

"అయ్యో, తప్పుగా అనుకోకండి. మామూలుగా దీనికి కుర్రాళ్ళే వస్తారు."

"మామూలుగా వానొస్తే జనం ఇంట్లో కూర్చుంటారు. నేనొచ్చాను. చూపిస్తారా, పక్క షాపుకి వెళ్ళనా?"

ఆమె జడ చివర నుంచి నీళ్ళు కారుతున్నాయి. అయ్యప్ప చూశాడు. చూసి, ఆ మాట అనకుండా ఊరుకున్నాడు. అతను చేసిన మొదటి తెలివైన పని అదే.

ఆమె పేరు రత్నకుమారి. పెడనలో కలంకారీ అద్దకం వేసే ధనుంజయరావు గారి ఏకైక సంతానం. బందరు కాలేజీలో డిగ్రీ ఆఖరి ఏడు. ఎంత తోమినా ఆమె గోళ్ళ మొదట్లో నల్లరంగు వదలదు. అచ్చు పట్టుకుని బల్ల దగ్గర పెరిగిన చెయ్యి అది.

లోపల గదిలోంచి శోభనాద్రి గారి గొంతు వచ్చింది.

"ఒరే అయ్యప్పా, ఆ లైట్ల కీబోర్డు చూపించరా. ఆడపిల్ల కదా, రంగులు చూస్తే వదలదు."

"నేను పుట్టిందే రంగుల్లోనండీ," అంది రత్న, ఆ గది వైపు తిరక్కుండానే. "రంగులు చూసి మోసపోయే వయసు మా ఇళ్ళల్లో ఉయ్యాల్లోనే దాటిపోతుంది."

లోపల దగ్గు వినబడింది.

అయ్యప్ప మూడు కీబోర్డులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి చవకది, ఆఫీసుల్లో గుమస్తాలు కొట్టుకునేది. ఇంకొకటి పెళ్ళి పందిరిలా నీలం లైట్లు వెలుగుతున్నది, ధర కూడా పెళ్ళంత. మూడోది మధ్యరకం. నల్లగా, బరువుగా, ఏ సోకూ లేకుండా ఉంది.

రత్న చవకదాన్ని ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టింది.

"ఏం చేస్తున్నారండీ?"

"అచ్చు కొనేటప్పుడు కర్ర చప్పుడు వింటాం. బోలుగా ఉందో గట్టిగా ఉందో తెలుస్తుంది."

"ఇది ప్లాస్టిక్ అండీ."

"అయితే? ప్లాస్టిక్‌కి మాత్రం అబద్ధమాడటం ఎవరు నేర్పారు?"

అంతటితో ఆగితే బాగుండేది. కీబోర్డుని కింద పెట్టి, పిడికిలి బిగించి, అచ్చు మీద గుద్దినట్టు అక్షరాల మీద ఒక్కటి వేసింది. దబ్.

"అయ్యయ్యో! అద్దకం బల్లనుకున్నారా? విరిగితే నా జీతంలో కోస్తారు."

"ఒకేసారి అన్నీ నొక్కితే అన్నీ పలకాలి. నాకు కావలసింది అదొక్కటే. జోడీ పందెం."

జోడీ పందెం అనగానే అయ్యప్ప మొహం మారింది. గుడివాడలో ఒక నెట్ సెంటర్ వాళ్ళు వినాయక చవితి వెళ్ళాక పెడుతున్న కార్ల పందెం అది. ఇద్దరు ఆటగాళ్ళు, ఒకే కీబోర్డు. తెర రెండు ముక్కలు. పై ముక్కలో ఒకరి కారు, కింద ముక్కలో రెండోవారి కారు. ఇద్దరిలో వెనకొచ్చిన కారుదే లెక్క. ఎవరి కీబోర్డు వాళ్ళు తెచ్చుకోవచ్చు.

"అదా సంగతి," అన్నాడు. ఒకసారి లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించాడు. "అయితే ఈ లైట్లది తీసుకోకండి. వెలుగే ఎక్కువ. మీదొక మీటా మీ జోడీదొక మీటా కలిసి పడ్డాయంటే మూడోది మింగేస్తుంది. చవకదీ అంతే."

"మరి ఇదో?" మధ్యరకం దాని మీద చెయ్యి వేసింది.

"నామాట నమ్మకండి. మీరే చూడండి. మీరు ఎడమ పక్క నొక్కండి, నేను పక్కనే నొక్కుతా. ఒకేసారి."

మూడింటినీ కంప్యూటరుకి తగిలించి నొక్కారు. చవకదానిలో సగం అక్షరాలు తెర మీద పడ్డాయి, సగం గాలికి పోయాయి. లైట్లదానిలోనూ అదే తంతు, కాకపోతే వెలుగుతో. మధ్యరకం దాని మీద ఇద్దరూ మళ్ళీ నొక్కారు. నొక్కిన అక్షరాలన్నీ బుద్ధిగా వరస కట్టాయి. ఒక్కటీ తప్పలేదు.

రత్న మొదటిసారి నవ్వింది. అయ్యప్ప చెయ్యి తీయడం మరిచిపోయాడు.

"చెయ్యి తీస్తే డబ్బులిస్తా," అంది.

"ఆఁ. తీశానండీ."

"మీకూ ఆట వచ్చా?"

"మా గిలకలదిండిలో నన్ను ఓడించినవాడు లేడు."

"గిలకలదిండిలో కంప్యూటర్లు ఎన్నున్నాయి?"

అయ్యప్ప కాస్త తడబడ్డాడు. "...మాదొక్కటే."

ఆ నవ్వు వానలో కూడా వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

*

ఆడపిల్లకి పందెం ఎందుకు? ఆ మాట పెడనలో అందరూ అడిగారు. కానీ పందెం మొదలుపెట్టింది ఆడపిల్ల కాదు.

రత్న మేనత్త కొడుకు రాజకుమార్ బెజవాడలో సెల్‌ఫోన్లు అమ్ముతాడు. జుట్టుకి జెల్ రాసుకుంటాడు. రత్న కీబోర్డు కొనక ముందు ఆదివారం వచ్చి మావయ్య ఇంట్లో భోంచేసి, వరండాలో పదిమంది ముందు కాళ్ళు చాపుకుని, "ఇంకెందుకు మావయ్యా ఆలస్యం? ముహూర్తం పెట్టించెయ్యి. పెళ్ళయ్యాక ఆ కంప్యూటర్ నేను పట్టుకుపోతా. రత్నకెందుకది, బొమ్మలాటకా?" అన్నాడు.

రత్న ఆ కంప్యూటరు మీద కొత్త అచ్చులకి డిజైన్లు గీస్తుంది. మిగతా వేళల్లో కార్లు తోలుతుంది. రెండూ నిజమే. రెండూ ఆమెవే.

వంటింట్లోంచి బయటికొచ్చింది. "బావా, బొమ్మలాటే అన్నావుగా. ఆ ఆటలో నన్ను ఓడించు. గుడివాడలో. ఓడితే నువ్వు చెప్పిన ముహూర్తానికే తల వంచుతా. నేను గెలిస్తే, నా పెళ్ళి మాట నేను ఎత్తేదాకా ఈ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు."

రాజకుమార్ పగలబడి నవ్వాడు. "నువ్వు గెలిస్తే నేను ఈ షెడ్డులో నిలబడి అద్దకం వేస్తానే!"

"నాన్నా, మీరూ ఒక మాట ఇవ్వండి."

ధనుంజయరావు గారు చుట్టూ చూశారు. పదిమంది చూస్తున్నారు. ఆడపిల్ల ఎలాగూ గెలవదన్న ధీమాతో, "సరే పో, ఇచ్చాను," అనేశారు.

మొదట రత్నకి జోడీ స్నేహితురాలు హారిక. కీబోర్డు కొన్న మర్నాడే హారికని ఇంట్లో వాళ్ళు గుమ్మం దాటనివ్వలేదు. "గుడివాడ వెళ్ళి మగపిల్లల మధ్య కార్ల ఆటలా?" అన్నారట. రత్న కాసేపు కాలేజీ అరుగు మీద ఒంటరిగా కూర్చుంది. తర్వాత లేచి, సైకిలెక్కి, తిన్నగా కోనేరు సెంటరుకి వచ్చింది.

"కీబోర్డు బాగోలేదాండీ?" అన్నాడు అయ్యప్ప కంగారుగా.

"కీబోర్డు బాగుంది. జోడీ బాగోలేదు. మీరు ఆడతారా నాతో?"

అయ్యప్ప చేతిలో స్క్రూడ్రైవరు ఎటో దొర్లింది.

"మీవాళ్ళు ఏమైనా అంటారేమో..."

"అనాల్సినవన్నీ అనేశారు. కొత్తవి మిగల్లేదు. మీరు చెప్పండి, వస్తారా?"

"ఓడిపోతే ఏమవుతుంది?"

ఆమె చెప్పింది. దాచకుండా, కళ్ళు దించకుండా మొత్తం చెప్పింది. అయ్యప్ప విన్నాడు. వాన చినుకులు రేకు మీద టపటపలాడుతున్నాయి.

"అయితే ఓడిపోకూడదు," అన్నాడు. అంతకంటే పెద్ద మాట అతనికి అప్పుడు తోచలేదు.

*

మధ్యాహ్నం శోభనాద్రి గారు భోజనానికెళ్ళి ఒక కునుకు తీసి వస్తారు. ఆ వేళలో షాపులో సాధన.

మొదటి నాడే దెబ్బలాట. అయ్యప్ప కారు బాణంలా దూసుకుపోయింది. రత్న కారు మలుపులో గడ్డివాముని గుద్దుకుని తలకిందులైంది.

"చూశారా, నేను మొదట వచ్చేశా!" అన్నాడు.

"వచ్చి ఎవరికి హారతిచ్చారు? వెనకొచ్చిన కారుదే లెక్క కదండీ. నేనిక్కడ గడ్డిలో పడుంటే మీరక్కడ ఒంటరిగా ఊరేగుతారా?"

"మీరు కొంచెం గట్టిగా తోలితే..."

"మీరు కొంచెం వెనక్కి చూస్తే!"

ఇద్దరూ చెరో పక్కకి మొహం తిప్పుకున్నారు. కాసేపటికి అయ్యప్ప తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు. "మా నాన్న వాళ్ళు రెండు పడవల మధ్య ఒక వల కట్టి లాగుతారు. ఒక పడవ తొందరపడిందంటే వల చిరుగుతుంది. చేపలు పోతాయి. రెండో పడవ వాళ్ళు బూతులు తిడతారు."

"ఇప్పుడు నేను తిట్టానా?"

"తిట్టబోయి ఆగారు."

"అర్థమైంది కదా. ఇక ఆడండి."

ఆ రోజు నుంచి అతని కారు మలుపు దగ్గర తగ్గేది. ఆమె కారు పక్కకి వచ్చేదాకా తగ్గేది. ఒక్క మాట లేకుండా ఆగి, ఒక్క మాట లేకుండా కదిలేవి రెండూ. ఈ మధ్యలో అండీలు ఎప్పుడు రాలిపోయాయో ఇద్దరికీ తెలియదు. ఒక రోజు "నువ్వు" వచ్చేసింది. ఎవరు ముందు అన్నారో ఇప్పటికీ తగువే.

శోభనాద్రి గారు ఒకనాడు తొందరగా వచ్చి గుమ్మంలో నిలబడి చూశారు.

"ఒరే అయ్యప్పా, కీబోర్డు అమ్మమన్నాను. దానితోపాటు నువ్వు కూడా అమ్ముడుపోయావేంట్రా?"

అయ్యప్ప చెవులు ఎర్రబడ్డాయి. రత్న తల తిప్పలేదు. "ఆయనకి ధర ఇంకా చెప్పలేదండీ," అంది తెర వైపే చూస్తూ.

చెడ్డ సంగతి ఏమిటంటే, ఆ గుమ్మంలో శోభనాద్రి గారి వెనకాలే రాజకుమార్ ఉన్నాడు. పందేనికి కీబోర్డు కొనుక్కుందామని వచ్చాడు. చూడాల్సింది చూశాడు. లైట్ల కీబోర్డు కొనుక్కుని, దాన్ని చంకలో పెట్టుకుని, తిన్నగా పెడన వెళ్ళాడు.

ఆ సాయంత్రం అద్దకం షెడ్డులో ధనుంజయరావు గారి గొంతు రంగు బానల్లో ప్రతిధ్వనించింది.

"చేపలవాళ్ళ కుర్రాడితో, ఒకే కీబోర్డు మీద చేతులు పెట్టి! నలుగురూ చూస్తుండగా!"

"నలుగురూ చూస్తుండగానే కదా నాన్నా. చాటుగా కాదుగా."

"నోరు మూసుకో. పందెం లేదు, ఏమీ లేదు."

"మాటిచ్చారు."

"తీసుకున్నా."

"ఇచ్చిన మాట తీసుకోవడానికి అదేమన్నా బాకీయా? నేను వెళ్తాను నాన్నా. తలుపేస్తే గోడ దూకి వెళ్తాను. గోడ కట్టిస్తే రైలు పట్టాల మీద నడిచి వెళ్తాను. ఎలా వెళ్ళమంటారో మీరే చెప్పండి."

మూల కరక్కాయ నీళ్ళలో బట్ట నానబెడుతున్న ముసలామె తల ఎత్తింది. ధనుంజయరావు గారి తల్లి అచ్చమ్మ. ఆ కంప్యూటరు ఇంట్లోకొచ్చిన నాటి నుంచి ఆమె దాన్ని ఒక్కసారీ ముట్టుకోలేదు. ఎవరైనా అడిగితే "అదా, పిల్లదాని బొమ్మ" అనేది.

"ఒరే ధనుంజయా," అంది. "పదిమందిలో ఇచ్చిన మాట. పదిమందినీ పిలిచి తీసుకుంటావా?"

ఆయన అచ్చు తీసి బట్ట మీద గట్టిగా గుద్దారు. పువ్వు వంకరగా పడింది.

"వెళ్ళనీ. నేనూ వస్తా. ఓడిపోవడం నా కళ్ళతో చూస్తా," అన్నారు.

*

పందెం రోజు పొద్దున్నే రత్న లేచి కీబోర్డు కోసం చూసింది. బల్ల మీద లేదు.

వంటింట్లో ఇత్తడి తాంబాళం. తాంబాళంలో నువ్వుల నూనె. నూనెలో బోర్లా పడుకున్న కీబోర్డు.

రత్న తాంబాళం మీదికి వంగింది. "నాన్నమ్మా!"

"లేచావా?" అచ్చమ్మ నిమ్మళంగా వచ్చి దాన్ని రెండు చేతులతో ఎత్తింది. మీటల సందుల్లోంచి నూనె జాలుగా కారింది. "నిన్న సాయంత్రమే పెట్టా. కొత్త అచ్చు నూనె తాగకుండా బల్లెక్కుతుందా ఎక్కడన్నా? పొడి కర్ర పగిలిపోతుంది. ఇంత పెద్ద పనికి తీసుకెళ్తూ నువ్వా సంగతే మరిచిపోయావు. తాగిందా బాగా?"

రత్న నోరు తెరిచింది. అరవడానికే తెరిచింది. అప్పుడు చూసింది. కీబోర్డు నడినెత్తిన పసుపు. పసుపు మీద కుంకుమ బొట్టు.

వాళ్ళ ఇంట్లో పనిముట్టుకే నూనె పెడతారు. పనిముట్టుకే బొట్టు పెడతారు. బొమ్మలకి ఎవరూ పెట్టరు.

తెరిచిన నోరు మెల్లగా మూసుకుంది. "కడుపునిండా తాగింది నాన్నమ్మా," అంది.

బందరు నుంచి గుడివాడ వెళ్ళే పాసింజరు పెడనలో ఆగింది. అయ్యప్ప కిటికీ పక్కన ఆమెకి సీటు పట్టి ఉంచాడు. ధనుంజయరావు గారూ అచ్చమ్మా పక్క పెట్టెలో ఎక్కారు. రత్న కూర్చుని సంచి విప్పింది. నువ్వుల నూనె వాసన పెట్టె అంతా కమ్మింది.

అయ్యప్ప చూశాడు. మళ్ళీ చూశాడు. "ఏంటిది? బజ్జీలు వేశారా దీంతో?"

"నాన్నమ్మ."

"తిట్టావా?"

"లేదు."

అతను ఆమె మొహంలోకి చూశాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. షాపులో పనిచేసేవాడి జేబులో దువ్వెన లేకపోయినా అది ఉంటుంది. ఒళ్ళో తువ్వాలు పరుచుకుని కీబోర్డు వీపు విప్పడం మొదలుపెట్టాడు.

లోపల రబ్బరు పొర, దాని కింద సన్నటి గీతలున్న ప్లాస్టిక్ రేకులు. అన్నీ నూనెలో నిగనిగలాడుతున్నాయి. వడ్లమన్నాడు దాటేసరికి పెట్టెలో సగం మంది వాళ్ళ చుట్టూ చేరారు.

"ఏమైందమ్మా దానికి?" అంది ఎదుటి సీటులో కూరగాయల బుట్టావిడ.

"నూనె తాగిందండీ."

"పాపం, పొరపాట్న తాగిందా? మజ్జిగ పట్టండి."

"మనిషి కాదమ్మా, కీబోర్డు!"

"ఏదైతే ఏం, జిడ్డు జిడ్డే. పౌడరు జల్లండి, పీల్చేస్తుంది," అని తన సంచిలోంచి మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తీసి ఇచ్చింది. ఇంకొకాయన ఉతికిన పంచె కొంగు ఇచ్చాడు. కవుతరం దగ్గర ఎక్కిన కాంపౌండరు ఒకాయన స్పిరిటు సీసా, దూది ఇచ్చాడు. అయ్యప్ప ఒక్కొక్క రేకూ తుడిచాడు. రత్న ఒక్కొక్క మీటా పౌడరుతో రుద్దింది. గుడ్లవల్లేరులో ఎక్కిన ఇంజనీరింగు పిల్లలు ముక్కులు ఎగబీల్చి, "ఏ పెళ్ళివారురా ఈ పెట్టెలో?" అన్నారు.

ఇద్దరూ తల ఎత్తలేదు. ఎత్తితే నవ్వు వస్తుందని ఇద్దరికీ భయం.

*

నెట్ సెంటర్లో తగిలించి చూశారు. ఎడమ పక్క అక్షరాలు బాగానే పలికాయి. కుడి పక్క సగం చచ్చి ఊరుకుంది. అక్కడ రెండు రేకుల మధ్య నూనె దిగిపోయింది. అయ్యప్ప ఇన్నాళ్ళూ సాధన చేసిన బాణాల మీటలు నాలుగూ ఆ పక్కే ఉన్నాయి.

ఆ పక్క బల్ల దగ్గర రాజకుమార్ లైట్ల కీబోర్డు నీలంగా మెరుస్తోంది. అతనూ అతని స్నేహితుడూ చెరో పక్కా కూర్చున్నారు.

"ఏమే రత్నా, నూనె వాసనొస్తోంది. తలంటుకుని వచ్చావా? మంచిది. పెళ్ళికూతురు తలంటుకోవాలిగా!"

వెనక నిలబడ్డ ధనుంజయరావు గారు కూతురి మొహం చూశారు. ఆ మొహం ఆయనకి తెలుసు. చిన్నప్పుడు జ్వరంతో కూడా మందు తాగనని పళ్ళు బిగించిన మొహం.

"ఇక్కడి కీబోర్డు ఇస్తామమ్మా, కావాలంటే," అన్నాడు నెట్ సెంటరు ఆయన.

"అది ఇద్దరు నొక్కితే పలుకుతుందా?"

ఆయన బుర్ర గోక్కున్నాడు.

"వద్దులెండి. మాదే ఆడతాం." రత్న అయ్యప్ప వైపు తిరిగింది. "నువ్వు ఇటు వచ్చెయ్యి. నా అక్షరాల పక్క అక్షరాలు తీసుకో."

"చేతులు తగులుతాయి."

"తగలనీ."

"మీ నాన్నగారు వెనకే ఉన్నారు."

"ఆయనకీ తెలుస్తుందిగా, ఎలా ఆడాలో."

ఆమె ఎడమ చెయ్యి పెట్టింది. అతను కుడి చెయ్యి పెట్టాడు. ఆమె చూపుడు వేలి పక్కనే అతని చూపుడు వేలు. మధ్యలో గాలి కూడా లేదు. షాపులో ఆ మొదటి వాన రోజు ఇద్దరూ కలిసి నొక్కి చూసింది సరిగ్గా ఆ అక్షరాలనే.

పందెం మొదలైంది. మొదటి మలుపులో రాజకుమార్ వాళ్ళు ముందున్నారు. అయ్యప్పకి కొత్త మీటలు. కారు తాగినవాడిలా ఊగింది. రత్న కారు ముందుకు వెళ్ళగలదు. వెళ్ళలేదు. తగ్గింది. అతని కారు పక్కకి వచ్చేదాకా తగ్గింది.

"నువ్వు వెళ్ళు!" అన్నాడు.

"వల చిరుగుతుంది. తొందరగా రా."

వచ్చాడు. రెండో మలుపుకి అతని వేళ్ళు దారి పట్టాయి. అప్పుడు నొక్కారు ఇద్దరూ. నూనె తాగిన మీటలు చప్పుడు లేకుండా జారుతున్నాయి, వెన్నలో వేలు పెట్టినట్టు. ఇద్దరూ ఒకేసారి నొక్కినా ఒక్క మీటా తప్పలేదు.

ఆఖరి మలుపులో రాజకుమార్ తిప్పాడు, అతని స్నేహితుడూ అదే క్షణంలో తిప్పాడు. రెండూ కలిసి పడ్డాయి. లైట్లు వెలిగాయి. కారు తిరగలేదు. తిన్నగా వెళ్ళి చెరువులో మునిగింది.

"నొక్కానురా! నేను నొక్కాను!" అని అరిచాడు రాజకుమార్.

"నేనూ నొక్కాను!" అన్నాడు స్నేహితుడు.

వాళ్ళింకా నొక్కుతూ ఉండగానే గీత మీద నుంచి రెండు కార్లు పక్కపక్కనే దాటిపోయాయి. ఏది ముందో, ఏది వెనకో తెర కూడా చెప్పలేకపోయింది.

*

సాయంత్రం గుడివాడ స్టేషన్లో బందరు పాసింజరు కోసం అందరూ బెంచీల దగ్గర నిలబడ్డారు. సన్నగా జల్లు పడుతోంది. రాజకుమార్ జుట్టు జెల్ కారిపోయి నుదుటికి అతుక్కుంది.

"బావా," అంది రత్న. "సోమవారం పొద్దున్నే రా. మొదట కరక్కాయ నీళ్ళు, తర్వాత అద్దకం. పాత చొక్కా వేసుకో."

రాజకుమార్ బెజవాడ వెళ్ళే బండి ఏ ప్లాట్‌ఫారమో కనుక్కుంటానని వెళ్ళాడు. తిరిగి రాలేదు.

ధనుంజయరావు గారు గొంతు సవరించుకున్నారు. "సరే. గెలిచావు. నీ పెళ్ళి మాట ఇంక నేనెత్తను. నువ్వు ఎత్తినప్పుడే."

"ఎత్తుతున్నాను నాన్నా."

"ఆఁ?"

"ఇప్పుడే ఎత్తుతున్నాను. అయ్యప్పని చేసుకుంటాను."

అయ్యప్ప చేతిలో కీబోర్డు సంచి జారింది. పట్టుకోబోయి బెంచీకి మోకాలు కొట్టుకున్నాడు. "నన్ను... నన్ను అడగలేదు!"

"ఇప్పుడడుగుతున్నా. అందరి ముందే. చేసుకుంటావా?"

"ఇలాగా అడగడం? ప్లాట్‌ఫారం మీద?"

"నీకేమైనా అభ్యంతరమా?"

అయ్యప్ప మోకాలు రుద్దుకున్నాడు. ఆమె వైపు చూశాడు. ఆమె జడ మళ్ళీ తడిసి ఉంది. ఈసారి ఆ మాట అనేశాడు. "తడుస్తున్నావు. ఇటు రా." తువ్వాలు తీసి ఆమె తల మీద కప్పాడు. నూనె, పౌడరు, స్పిరిటు కలిసిన తువ్వాలు. "చేసుకుంటా. మొదటి రోజు నా కాళ్ళ మీద గొడుగు దులిపినప్పుడే అనుకున్నా. నువ్వు ఆలస్యం చేశావు."

"నేనా!"

"నేనొప్పుకోను," అన్నారు ధనుంజయరావు గారు. గొంతు మాత్రం అనుకున్నంత గట్టిగా రాలేదు. "వాళ్ళది సముద్రం, మనది రంగు. వాళ్ళ అలవాట్లు వేరు, మన అలవాట్లు..."

"ఉండరా," అంది అచ్చమ్మ. బెంచీ మీద నుంచి లేచి అయ్యప్ప ముందుకొచ్చి నిలబడింది. "ఏదబ్బాయ్, చేతులిలా ఇయ్యి."

అతను చాపాడు. ముసలామె రెండు చేతులూ తిప్పి చూసింది. తాడు లాగిన గీతలున్నాయి. గోళ్ళ సందుల్లో, వేళ్ళ మడతల్లో, మణికట్టు దాకా నిగనిగలాడుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఏం నూనెరా ఇది?"

"మీదేనండీ."

"కడుక్కోలేదా?"

"మూడుసార్లు కడిగానండీ. వదల్లేదు."

అచ్చమ్మ కొడుకు వైపు తిరిగింది.

"విన్నావుగా ధనుంజయా. మన నూనె పట్టింది, ఇక వదలదు. నూనె పట్టిన దాన్ని మన ఇంట్లో ఎప్పుడైనా బయట పెట్టామా?"

ధనుంజయరావు గారు పట్టాల వైపు చూస్తూ నిలబడ్డారు. దూరంగా బండి కూత వినబడింది. ఆయన అయ్యప్ప చేతిలోని కీబోర్డు సంచి వైపు చూపించారు.

"ఏమబ్బాయ్, అది మళ్ళీ బాగవుతుందా? ఆ కుడి పక్క?"

"ఎండలో పెడితే అవుతుందండీ."

"ఆదివారం ఇంటికి తీసుకురా. పెడదాం." ఒక అడుగు వేసి, వెనక్కి తిరిగి, తల్లితో అన్నారు. "అమ్మా, ఈసారి దాన్ని నువ్వు ముట్టుకోకు."